ఫుల్ ట్యాంకు సరే, గెలిచిందెవరు?

ఇప్పుడు విన్న పాట పాడిందెవరో వాట్సాప్ చేయండి, బండికి ఫుల్ ట్యాంకు పెట్రోలు కొట్టించుకోండి అంటాడు ఎఫ్‌ఎంలో ఆర్‌జే. హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 2021 జూన్‌లో వంద దాటింది. ఆ తర్వాత రెండంకెలకు దిగలేదు. సినిమా టికెట్ల కన్నా ఈ బహుమతికే గిరాకీ ఎక్కువంటే ఆశ్చర్యమేముంది? దినమంతా బండి మీదే బతికే డెలివరీ కుర్రాడికి పది లీటర్లంటే మాటలు కాదు. పోటీ పెట్టడాన్ని మేము తప్పుపట్టం. మా అభ్యంతరమల్లా పోటీ ముగిశాక కమ్ముకునే నిశ్శబ్దం మీదే.

గెలిచిందెవరు? ఎంతమందిలోంచి, ఎలా ఎంపిక చేశారు? ప్రకటన గంటగంటకూ వినిపిస్తుంది, ఫలితం మాత్రం ఏ పూటో ఒక్కసారి వచ్చిపోతుంది. 'షరతులు వర్తిస్తాయి' అన్న మాటనైతే ఊపిరి తీసుకోకుండా చదివేస్తారు.

బహుమతి పథకాల తుది ఫలితాలను పాల్గొన్నవారికి చెప్పకుండా దాచడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. అయితే ఫలితం చెప్పినట్టు ఎప్పుడు లెక్క? పథకాన్ని ప్రకటించిన వార్తాపత్రికలోనే, సమంజసమైన గడువులో, ప్రముఖంగా ప్రచురిస్తే అని చట్టం వివరణ. కూపన్లు కత్తిరించి పంపమనే మాలాంటి పత్రికలకు ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది. రేడియో సంగతి అందులో లేదు.

'ఊరికే ఇస్తున్నాం కదా' అన్న వాదనా నిలవదు. 2007లో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' ప్రేక్షకుల పోటీలో ఒక్కో ఎస్సెమ్మెస్‌కు రూ.2.40 వసూలైంది. బహుమతి సొమ్ము అందులోంచే వచ్చిందని భావించిన జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో స్టార్ ఇండియా, ఎయిర్‌టెల్‌లపై కోటి రూపాయల జరిమానా వేసింది. ఆధారాలు చాలవంటూ 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. లెక్కలు నిర్వాహకుల దగ్గరే ఉన్నప్పుడు శ్రోత ఆధారం ఎక్కణ్నుంచి తెస్తాడు? ఇప్పుడు వాట్సాప్‌కు పైసా ఖర్చు లేదు, నిజమే. కానీ వేల ఫోన్ నంబర్లు స్టేషన్ చేతికొస్తున్నాయి. పోటీ కోసం ఇచ్చిన నంబరుకు రేపు ప్లాట్ల ప్రకటనలు రావడం మొదలైతే? దేనికి సమ్మతించామో దానికే వాడాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటోంది.

ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. ప్రైవేటు ఎఫ్‌ఎంలకు సొంత వార్తలు చదివే అనుమతి లేదు, ఆకాశవాణి బులెటిన్లను యథాతథంగా వినిపించుకోవచ్చంతే. ఇక శ్రోతతో వాటి బంధమంతా పాటలు, కబుర్లు, ఈ పోటీలే. కనీసం అక్కడైనా నిక్కచ్చిగా ఉండాలి.

పోటీని ఏ వేళల్లో, ఎన్నిసార్లు ప్రకటించారో ఆ వేళల్లోనే, అన్నిసార్లూ ఫలితం చెప్పాలి. ఎన్ని జవాబులొచ్చాయో చెప్పాలి. విజేత ఒప్పుకుంటే పేరు, పేట చెప్పాలి. సిబ్బంది బంధువులకు ప్రవేశం లేదని ముందే తేల్చాలి. పెట్రోలు కూపన్ కోసం ఘట్‌కేసర్ మనిషిని బంజారాహిల్స్ దాకా రప్పించడం కూడా మానుకోవాలి, గెలిచిందాంట్లో కొంత దారిలోనే ఆవిరవుతుంది. చట్టంలోని ఆ వివరణకు 'ప్రకటించిన మాధ్యమంలోనే' అన్న మాట చేర్చేలా పార్లమెంటులో సవరణ తేవడం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ పని. అందాకా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలైనా ఇవ్వాలి. మోసం జరిగిందనుకున్న శ్రోతలు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.