తెలియదు అని చెప్పేవాళ్లు కావాలి

మా అమ్మాయిని బయట భోజనానికి తీసుకెళ్తే, ఆర్డర్ ఇచ్చేముందు వడ్డించే మనిషిని నేను కొన్ని ప్రశ్నలు అడుగుతాను. వచ్చే జవాబుల్లో నాకు బాగా నచ్చేది “నాకు తెలియదండీ, లోపల కనుక్కుని వచ్చి చెప్తాను” అన్నది. బాగా భయపెట్టేది, నా ప్రశ్న పూర్తికాకముందే వచ్చే “ఏం ఫర్వాలేదు, తినొచ్చు” అన్నది.

తనకు సీలియాక్ జబ్బు ఉందని తేలి నాలుగేళ్లయింది. అప్పటికి తొమ్మిదేళ్ల పిల్ల. కడుపునొప్పి అంతగా ఉండేది కాదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఎత్తు పెరగడం ఆగిపోయింది. ఐరన్ మందు ఎంత వాడినా రక్తహీనత తగ్గలేదు. బడి నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా సోఫాలో పడి నిద్రపోయేది. సరిగ్గా తినడం లేదని నేనే కోప్పడి, ఇంకో ముక్క బ్రెడ్ తినమని బలవంతం చేసేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె చివుక్కుమంటుంది.

గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై (గోధుమలాంటి ఒక ధాన్యం) గింజల్లో ఉండే ప్రోటీన్. సీలియాక్ ఉన్నవాళ్లు దాన్ని తింటే, శరీరంలోని రక్షణ వ్యవస్థ తన చిన్న పేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపలి గోడకు వేళ్లలా ఉండి పోషకాలను పీల్చుకునే సన్నని పోగులు అరిగి చదునైపోతాయి. తిన్నది ఒంటికి పట్టదు. ఇది అలర్జీ కాదు, అజీర్తి అంతకన్నా కాదు. ప్రపంచం మొత్తం మీద నూటికి ఒకరికి ఇది ఉంటుందని అంచనా, అందులో చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు. తగ్గించే మందు ఇంతవరకూ లేదు. గ్లూటెన్‌ను జీవితాంతం పూర్తిగా మానేయడం ఒక్కటే దారి.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. మీకో, మీ పిల్లలకో ఇది ఉందేమోనని అనుమానం వస్తే, ముందే గోధుమ మానేసి తర్వాత పరీక్షకు వెళ్లకండి. రక్తపరీక్షలో వెతికేది గ్లూటెన్ తింటున్నప్పుడు శరీరం తయారుచేసే యాంటీబాడీలను. తినడం మానేస్తే అవి తగ్గిపోతాయి, జబ్బు ఉన్నా లేదన్నట్టే రిపోర్టు వస్తుంది. ఇంట్లో ఒకరికి ఉందని తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు కూడా పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు.

ఈ జబ్బుకు మూలం గోధుమేనని కనిపెట్టింది విలెమ్ డికె అనే డచ్ పిల్లల వైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నుంచే ఆయనకు ఆ అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చి బ్రెడ్ దొరకని రోజుల్లో ఈ జబ్బున్న పిల్లలు కోలుకోవడం ఆ అనుమానాన్ని బలపరిచింది. 1950లో తన పరిశోధనను సిద్ధాంత వ్యాసంగా సమర్పించారు. ఊరంతా ఆకలితో అలమటిస్తుంటే ఈ పిల్లల ఒళ్లు తేరుకుంది! ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అంతకాలం వాళ్లకు ప్రేమగా కొసరి కొసరి తినిపించినవాళ్లలో నాలాంటి తల్లులు ఎందరో ఉండి ఉంటారు.

ఇక “కొంచెమే కదా” అన్న మాట దగ్గరికి వస్తాను. నాలుగేళ్లుగా నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. కొంచెం అంటే ఎంత? ఒక బ్రెడ్ ముక్కలో సుమారు రెండు గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో, సీలియాక్ ఉన్నవాళ్లకు రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు గ్లూటెన్ ఇచ్చి చూస్తే పేగు దెబ్బతింది. అంటే బ్రెడ్ ముక్కలో నలభయ్యో వంతు. టోస్టర్ అడుగున రాలిన పొడి, జామ్ సీసాలోకి వెన్న కత్తితో పాటు వెళ్లిన నలుసులు, వీటి లెక్క ఆ స్థాయికి చేరవచ్చు. అందుకే మా ఇంట్లో టోస్టర్లు రెండు, జామ్ సీసాలు రెండు, పాస్తా వార్చే చిల్లుల గిన్నెలు రెండు. చూసినవాళ్లకు చాదస్తంగా అనిపించవచ్చు. లెక్క తెలిస్తే అనిపించదు.

అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు రూపొందించే కోడెక్స్ సంస్థ 2008లో పెట్టిన పరిమితి కిలోకు 20 మిల్లీగ్రాములు. అంతకు మించకపోతేనే ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయొచ్చు. అమెరికా, యూరప్ కూడా అదే పాటిస్తున్నాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఇంకా కఠినం. పరీక్షలో గ్లూటెన్ జాడే కనిపించకూడదు, ఓట్స్ ఉంటే ఆ మాట రాయనే కూడదు. ఒకే మాటకు ఒక్కో దేశంలో ఒక్కో కొలత ఉందని ఎంతమందికి తెలుసు? మన పత్రిక చదివేవాళ్లు రకరకాల దేశాల్లో ఉన్నారు, ఇల్లు మారినప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

కొనుగోళ్లలో నాకు మొదటి ఏడాది చెమటలు పట్టించింది లేబుల్. గోధుమ లేదు అని రాసి ఉంటే చాలనుకునేదాన్ని. చాలదు. గోధుమ లేకపోయినా బార్లీ ఉండొచ్చు, అది మాల్ట్ అనే పేరుతో కార్న్‌ఫ్లేక్స్‌లోకి, చాక్లెట్లలోకి వస్తుంది. అమెరికా అలర్జీ చట్టం గోధుమ పేరును తప్పనిసరిగా రాయమంటుంది కానీ బార్లీ, రై పేర్లను కాదు. యూరప్‌లోనైతే గ్లూటెన్ ఉన్న ధాన్యాలన్నిటినీ దినుసుల జాబితాలో కొట్టొచ్చినట్టు కనిపించేలా చూపాలి. గోధుమకు మారుపేర్లూ ఎక్కువే: డ్యూరమ్, స్పెల్ట్, సెమొలినా, కుస్కుస్ అన్నీ గోధుమే. బక్‌వీట్ మాత్రం పేరులో వీట్ ఉన్నా గోధుమ కాదు, నిశ్చింతగా తినే గింజ. సోయా సాస్‌ను మామూలుగా గోధుమతో కలిపి పులియబెడతారని తెలిసేటప్పటికి మా వంటింట్లో సగం సీసా అయిపోయింది. ఓట్స్ స్వతహాగా చాలామందికి పడతాయి, కానీ పొలంలో, మిల్లులో గోధుమతో కలిసిపోతాయి కాబట్టి గ్లూటెన్ ఫ్రీ అని ప్రత్యేకంగా రాసినవే కొనాలి. విడిగా డబ్బాల్లో పోసి గరిటెతో తీసుకోమనే సరుకుల జోలికి నేను అసలు పోను. ఆ గరిటె అంతకుముందు ఏ డబ్బాలో మునిగిందో ఎవరు చూశారు?

ఒకసారి చదివాం కదా అని వదిలేయడానికీ లేదు, కంపెనీలు దినుసులు మారుస్తుంటాయి. “గోధుమ ఉండవచ్చు” అనే హెచ్చరిక చాలా దేశాల్లో తప్పనిసరి కాదు, కంపెనీ ఇష్టం. అది లేనంత మాత్రాన ఆ ఫ్యాక్టరీలో గోధుమ లేదని అనుకోకూడదు. అందుకే దుకాణంలో మా సరుకుల బండిలో ఎక్కువ భాగం లేబుల్ అక్కర్లేని సరుకే: కూరగాయలు, పండ్లు, గుడ్లు, పాలు. గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్లు, కేకుల అరలు ఇప్పుడు బాగా పెరిగాయి. సంతోషమే. కానీ వాటిలో చాలావరకు పీచు తక్కువ, ధర ఎక్కువ. పిల్ల మనసు చిన్నబుచ్చుకోకుండా ఎప్పుడైనా ఒకటి కొంటాను, రోజువారీ తిండిగా కాదు.

హోటల్ భోజనం దగ్గర ఇదంతా మన చేతిలోంచి జారిపోతుంది. లేబుల్ ఉండదు, మనిషి మాటే లేబుల్. మెనూలో పక్కన గ్లూటెన్ ఫ్రీ గుర్తు ఉన్నంత మాత్రాన సరిపోదు. 2019లో అమెరికా వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. జేబులో పట్టే చిన్న పరికరంతో జనం తాము హోటళ్లలో తిన్న గ్లూటెన్ ఫ్రీ వంటకాలను పరీక్షించుకున్న వివరాలు అవి. మూడింట ఒక వంతు పరీక్షల్లో గ్లూటెన్ కనిపించింది, పిజ్జా, పాస్తాల్లో దాదాపు సగం. అనుమానం ఉన్నవాటినే ఎక్కువగా పరీక్షించి ఉంటారు, పరికరం మరీ సున్నితమైనది కూడా. అవన్నీ తీసేసి చూసినా చిన్న విషయం కాదు.

ఆ వంటశాలల్లో ఎవరూ కావాలని మోసం చేయరు. బంగాళాదుంపలో గ్లూటెన్ లేదు, నిజమే. కానీ అదే నూనెలో అంతకుముందు పిండి పూసిన చికెన్ వేయించారు. వేడికి క్రిములు చస్తాయేమో కానీ గ్లూటెన్ పోదు. గ్లూటెన్ ఫ్రీ పాస్తానే వాడారు, ఉడికించింది మాత్రం మామూలు పాస్తా ఉడికిన నీళ్లలో. సూప్‌లో కూరగాయలే ఉన్నాయి, చిక్కదనం కోసం చెంచాడు మైదా కలిపారు. అందుకే “ఇది గ్లూటెన్ ఫ్రీయేనా?” అని అడగడం నేను మానేశాను. ఆ ప్రశ్నకు అవునని చెప్పడం చాలా తేలిక. “దీన్ని వేయించే నూనెలో ఇంకేం వేయిస్తారు?” అని అడిగితే లోపలికి వెళ్లి కనుక్కోక తప్పదు. రద్దీ లేని వేళ చూసుకుని వెళ్తాను, వీలైతే ముందే ఫోన్ చేస్తాను. పిల్లకు సిగ్గుగా ఉంటుందని మొదట్లో గొంతు తగ్గించి అడిగేదాన్ని. అలా అడిగితే వాళ్లూ అంత తేలిగ్గానే తీసుకున్నారు. ఇప్పుడు మామూలు గొంతుతోనే, జబ్బు పేరు చెప్పి మరీ అడుగుతాను.

ఒకసారి ఒక చోట, వంటచేసే ఆయనే చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, “మాకు ఒక్కటే నూనె మూకుడు ఉందమ్మా, ఇంత చిన్న వంటింట్లో పిండి ఎగరకుండా ఆపలేను, మీ పాపకు నేను వండి పెట్టలేను” అన్నారు. ఆ రాత్రి అమ్మాయి ఇంటికొచ్చి గుడ్డు వేపుడు తింది. ఆయనమీద మాకున్న గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. ఇంకో చోట అన్నిటికీ నవ్వుతూ తలూపి తెచ్చిపెట్టారు. ఆ తర్వాత మూడు రోజులు పిల్ల మంచం దిగలేదు.

జబ్బేమీ లేకుండా, ఒళ్లు తగ్గుతుందనో తేలిగ్గా ఉంటుందనో గ్లూటెన్ మానేసేవాళ్లతో నాకు పేచీ లేదు. ఎవరి తిండి వాళ్లిష్టం. వాళ్లవల్లే దుకాణాల్లో ఇన్ని రకాలు వచ్చాయి కూడా. కానీ ఒక్క విన్నపం. హోటల్లో గ్లూటెన్ ఫ్రీ కావాలని నాలుగు జాగ్రత్తలు చెప్పి, చివర్లో పక్కవాళ్ల కేకులోంచి ఒక ముక్క తీసుకోకండి. వడ్డించే మనిషి అది చూస్తాడు. మరుసటి రోజు మా అమ్మాయి అదే మాట చెప్పినప్పుడు అతనికి గుర్తొచ్చేది ఆ కేకు ముక్కే. ఇష్టంతో మానేశాను అని చెప్పడానికి మొహమాటం ఎందుకు?

ఇళ్లకు పిలిచేవాళ్లతో మాట్లాడటం నాకు ఇంకా కష్టం, ఎందుకంటే వాళ్లది ప్రేమ. “నీ కోసమే ప్రత్యేకంగా చేశానమ్మా” అంటూ గిన్నె ముందుకు జరిపినప్పుడు, ఇందులో ఏం వేశారని అడగాలంటే నోరు రాదు. అయినా అడగాలి. పిలిచినవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మీరు మా కోసం కొత్త వంట నేర్చుకోనక్కర్లేదు. ఏం వేశారో, దేంతో కలిపారో ఉన్నదున్నట్టు చెప్పండి. గుర్తులేకపోతే గుర్తులేదనండి. పిల్ల తన డబ్బాలో తెచ్చుకున్నది తింటుంటే మీ వంటను తక్కువ చేసినట్టు అనుకోకండి.

పోయిన నెల ఒక స్నేహితురాలి ఇంటికి వెళ్లాం. వెళ్లేసరికి వంటింటి గట్టు మీద ఒక సంచి పెట్టి ఉంది. “ఇవాళ వాడిన ప్యాకెట్లూ సీసాలూ ఒక్కటి కూడా పారేయలేదే. నాకు అర్థంకాని పేర్లున్నాయి, మీరే చూసుకోండి” అంది. నేను చెయ్యి చాచేలోపే మా అమ్మాయి ఆ సంచి తీసుకుని నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక్కొక్క ప్యాకెట్ తిప్పి చదివి పక్కన పెడుతూ వచ్చింది. చివర ఒక సాస్ సీసా దగ్గర ఆగి, “ఆంటీ, ఇందులో మాల్ట్ ఉంది” అంది. స్నేహితురాలు ఒక్క మాట మాట్లాడకుండా ఆ సాస్ వేసిన గిన్నెనూ, దాంట్లో ఉన్న గరిటెనూ తీసి వేరే బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. మిగిలినవి అమ్మాయి రెండేసి సార్లు వడ్డించుకుంది.