అందరికీ అందని తెర

ఒకటో తరగతిలో టెక్నాలజీ పాఠం అందరికీ అందాలంటే ముందుగా ముట్టుకుంటే పనిచేసే టీవీని ఎవరికీ అందనంత ఎత్తులో బిగించాలి. కింది అంచు నేలకు నాలుగున్నర అడుగులు. ఆరేళ్ల గుంటడి ఎత్తు సుమారు మూడు ముప్పావు అడుగులు. మునివేళ్ల మీద లేచి, చెయ్యి పైకి చాచితే అంచు మాత్రం తగులుతుంది. దాన్ని వ్యాయామం పీరియడ్ కింద రాసుకోవచ్చు. చక్రాల కుర్చీలో వచ్చే గుంటకి చూసి నేర్చుకునే సదుపాయం కల్పించాం. రెండడుగుల ఎత్తులో పెడితే అందరికీ అందుతుంది, నిజమే. కానీ అప్పుడు ముట్టుకుంటారు కదా.

భాష సంగతి. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది ఈ పక్కనే, శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో. సవర గిరిజన పిల్లల కోసం ఆయన వాళ్ల సవర భాష నేర్చుకుని మరీ పుస్తకాలు రాశారు. ఆ రుణం తీర్చుకోడానికే మన తెర మీద ‘ఉపకరణమును పునఃప్రారంభింపుము’ అని వస్తుంది. సీతంపేట కొండల్లోంచి వచ్చిన సవర పిల్ల దానికేసి చూసి ఊరుకుంటే ‘ఆసక్తి లేదు’ అని రాసేస్తాం. సవర వచ్చిన ఐదో తరగతి అమ్మాయి చేత పది సూచనలు ఫోన్లో చెప్పించి వినిపిస్తే పావుగంట పని. దానికి అనుమతి కావాలి. అనుమతికి దరఖాస్తు గ్రాంథికంలో పెట్టుకోవాలి.

చూపు లేని పిల్లల కోసం చాలా ఆండ్రాయిడ్ ట్యాబుల్లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉంది. సౌండు మీటలు రెండూ మూడు సెకన్లు నొక్కి పడితే మొదలవుతుంది. ఒకసారి తాకితే పేరు చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది. ఇది తెలియని పెద్దలు ‘ట్యాబుకేటో పట్టింది’ అని బీరువాలో పెట్టి తాళం వేస్తారు.

వీటన్నిటికంటే ప్రమాదకరం, కంప్యూటర్‌కి ఆజ్ఞలు ఎలా ఇవ్వాలో ఆటగా నేర్పే, కరెంటు అక్కర్లేని పాఠం. తొక్కుడుబిళ్లలా నేల మీద చాక్‌పీసుతో గడులు గియ్యడం, అట్టముక్కల మీద బాణాలు, ఒకడు ఆజ్ఞలిస్తే ఇంకొకడు నడవడం, మూడోవాడు తప్పు పట్టడం. అడుగు వెడల్పు గడులైతే చక్రాల కుర్చీ పట్టదు, కాబట్టి ఆ పిల్ల చేత చప్పట్లు కొట్టించడం ఆనవాయితీ. మూడడుగుల గడులు వరసకి మూడు చొప్పున మూడు వరసలు గీస్తే తొమ్మిదడుగుల చదరంలో అందరూ తిరుగుతారు, ఆనవాయితీ చెడుతుంది. గీతల మీద పురికొస పరిచి పైన టేపు అంటిస్తే చూపు లేని గుంటడికి కాలికే దారి తెలుస్తుంది. బంకతో అంటిస్తే మాత్రం కాళ్లకి తగిలి ఊడొచ్చేస్తుంది.

ఈ ఆటలో తప్పులు ఎక్కడ వస్తాయో తెలిసిందే. ‘ఎడమకి తిరుగు’ అంటే తిరిగి ఆగాలి. పిల్లలు తిరిగి ఓ అడుగు కూడా వేసేస్తారు, లెక్క తప్పుతుంది. చెప్పేవాడు ఎదురుగా నిలబడితే వాడి ఎడమ వీడికి కుడి. చెప్పేవాణ్ని వెనక నిలబెట్టి, నడిచేవాడి ఎడమ మణికట్టుకి ఓ దారం కడితే సరి. తప్పొప్పులకి ఎరుపు, ఆకుపచ్చ కార్డులిస్తే ఆ రంగులు వేరుగా కనబడని వాళ్లుంటారు. టిక్కూ ఇంటూ కూడా గియ్యాలి.

ఇంతా చేసి, తనిఖీకి పంపే ఫోటోలో టీవీ వెలుగుతూ కనబడాలి. అది తీసేదాకా పిల్లలు గడుల్లోంచి కాస్త పక్కకి తప్పుకోవాలి.