మహారాజావారి కాలేజీపై ఆడిట్ అభ్యంతరాలు

ముప్ఫై ఏళ్లు ఆడిట్ చేసి రిటైరైన మనిషిని. ఇప్పుడు పొద్దున్నే గంటస్తంభం దగ్గర టీ తాగి, కోట దాకా నడిచి, ఇంటికొచ్చి పాత తప్పులు వెతుక్కుంటాను. ఈ వారం దొరికినవి 1919 నాటివి.

ఆ ఏడాది విజయరామ గజపతిరాజుగారు మన విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. కొలువులో ఓ ఉద్యోగి కొడుక్కి చూపు లేదట, పాటంటే ప్రాణమట, ఆ కుర్రాడి కోసం పెట్టారంటారు. లబ్ధిదారుల సంఖ్య: ఒకటి. సర్వే లేదు, అంచనా లేదు.

ప్రిన్సిపాల్ ఎవరయ్యా అంటే ఆదిభట్ల నారాయణదాసుగారు. హరికథ చెబుతారు, వీణ వాయిస్తారు, గజ్జె కడతారు, కావ్యాలు రాస్తారు. చాలదన్నట్టు తర్వాత ఒమర్ ఖయ్యాంని సంస్కృతంలోకీ, అచ్చ తెలుగులోకీ తెచ్చారు. ఇప్పటి ఆన్‌లైన్ దరఖాస్తులో 'మీ రంగం' దగ్గర ఒక్క గడే నొక్కాలి. రెండోది నొక్కితే మొదటిది ఆరిపోతుంది. ఒకేసారి ఐదు తాళాలు వేసిన మనిషే గానీ, ఆ గడుల దగ్గర దాసుగారికీ చెమటలు పట్టేవి.

అన్నిటికన్నా ఘోరం ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫైలు. విద్యార్థిగా చేరదామని వస్తే, వయొలిన్ వాయింపు విని, నీకు నేర్పేదేముంది, నువ్వే నేర్పు అని 26 ఏళ్ల కుర్రాణ్ణి ఆచార్యుణ్ణి చేశారని చెప్పుకుంటారు. నోటిఫికేషన్ ఏది? మెరిట్ లిస్టు ఏది? దరఖాస్తు ఒకదానికి, నియామకం ఇంకోదానికి! పైగా 1936లో ఆయన్నే ప్రిన్సిపాల్‌ని చేశారు. ఇక ఘంటసాల ఈ ఊళ్లో మధుకరం ఎత్తుకుని చదువుకున్నారు. ఇన్ని ఇళ్లవాళ్లు పెట్టిన అన్నానికి ఒక్క వోచరూ లేదు.

ఇప్పుడలా కాదు. కేంద్ర సంస్కృతి శాఖ ఫెలోషిప్పే చూడండి. 40 ఏళ్లలోపు జూనియర్, నెలకు 10 వేలు. దాటితే సీనియర్, 20 వేలు. రెండేళ్లు ఇస్తారు, ఆరు నెలలకో నివేదిక తీసుకుంటారు. నలభయ్యో పుట్టినరోజు నాటికి ఆకలి సరిగ్గా రెట్టింపవుతుందని లెక్కగట్టిన బుర్రకి నా నమస్కారం.

మొన్న మా వీధి జిరాక్స్ షాపులో ఓ తప్పెటగుళ్ల కళాకారుడు కనిపించాడు. గంగమ్మ పండక్కి గుండె మీద రేకుతప్పెట కట్టుకుని గెంతే మనిషి. ఏ సంస్థదో చెప్పను గానీ, కళలో ప్రయోగాలు చేసేవాళ్లకు గ్రాంటు అట. రేకు బదులు శ్రీకాకుళం జిల్లా బుడితి ఊరి ఇత్తడితో తప్పెట చేయించి చూడాలని ఇతని కోరిక. 'ప్రయోగంలో వచ్చే ఫలితం, 150 పదాల్లో' అన్నచోట ఆగిపోయాడు.

"మోత ఎలాగుంటాదో తెలిస్తే ఇంక సేసి సూడ్డం దేనికి బాబూ?"

"అక్కడే పొరబడుతున్నావయ్యా. మొదటి ఆరు నెలల్లో మోత 25 శాతం మెరుగుపడును అని రాయించు."

"బరువైపోయి గెంతలేకపోతేనో?"

"దానికి 'రిస్కులు' అని వేరే గడి ఉంది. అందులో 'లేవు' అని రాయాలి."

తర్వాత మూడు కొటేషన్లు అడిగారు. బుడితిలో తనకి తెలిసిన కంచరాయన రేటు నోటితో చెబుతాడు తప్ప కాగితం మీద పెట్టడట. జీఎస్టీ నంబరు అడిగితే ఫోన్ పెట్టేశాడు. రంగాల జాబితాలో తప్పెటగుళ్లు లేవు. షాపు కుర్రాడు కాస్త ఆలోచించి 'ఇతరములు' నొక్కాడు. సర్వర్ తిరగడం మొదలెట్టింది.

తిరుగుతున్నంతసేపూ ఇతను ఖాళీగా కూర్చోలేదు. జిరాక్స్ మిషన్ మూత మీద అరచేత్తో ఓసారి, వేళ్లతో ఓసారి కొట్టి చెవి ఒగ్గాడు. కాస్త పక్కకి జరిగి అంచు మీద కొట్టాడు. అది నచ్చినట్టుంది, రెండు చేతులూ పెట్టాడు. కుర్రాడు టైపింగ్ ఆపి చూస్తున్నాడు. నా కాలు కూడా కదిలిందిగానీ అది రికార్డులోకి రాదు.

మంజూరు ఉత్తర్వుకు ముందే మొదలుపెట్టిన పనికి బిల్లు చెల్లదని అతనికి చెప్పాను. వినిపించుకోలేదు.