మూడు పనులే చాలా? వెంకటాపురం వెళ్ళి చెప్పండి

ఒక వాట్సాప్ ఫార్వర్డ్ అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, చివరికి మా బావగారూ ‘చదువు, కళ్ళు తెరుచుకుంటాయి’ అంటూ పంపారు. సైన్యం, పోలీసు, కోర్టు తప్ప ప్రభుత్వానికి ఇంకే పనీ లేదట, మిగతాదంతా మన జేబులు కొట్టడానికేనట. చదివాను బావగారూ.

‘పన్ను అంటే దోపిడీ.’ చట్టం లేకుండా ఏ పన్నూ వేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణం. బిల్లు పాస్ చేయించుకుని వచ్చే దొంగని నేనైతే చూడలేదు.

‘రాజ్యాంగంలో ఉన్నవి ఆ మూడే.’ ఏ రాజ్యాంగం? 74వ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూల్లో మున్సిపాలిటీలకే 18 అంశాలున్నాయి: మంచినీళ్ళు, చెత్త, వీధిదీపాలు, ఆఖరికి శ్మశానాలు. మా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కుళాయి ఒక్కపూట రాకపోతే గ్రూపులో గోలపెట్టేదీ ఈ ఫార్వర్డ్ వీరులే.

‘బ్రిటిష్ వాళ్ళే నయం.’ జవాబు దండగ.

ఒళ్ళు మండింది తర్వాతి దానికి: ‘ఫ్యాక్టరీ తనిఖీలు లంచాల కోసమే, ఎత్తేయండి. పేరు పోతుందన్న భయంతో కంపెనీలే జాగ్రత్తపడతాయి.’ విశాఖలో కూర్చుని ఇది పంపడానికి చెయ్యెలా వచ్చింది? 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో, చల్లగా ఉంచాల్సిన ట్యాంకు వేడెక్కి, స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురాన్ని కమ్మేసింది. సైరన్ మోగలేదు. నిద్రలోంచి లేచి పరిగెత్తినవాళ్ళు రోడ్డు మీదే కూలిపోయారు. 12 మంది పోయారు. చెట్ల ఆకులు సైతం మాడిపోయాయి. ఆ కంపెనీకి పేరు లేకనా? పేరు మీద భయం ట్యాంకును చల్లబరచలేదు. ఇళ్ళల్లో పడిపోయినవాళ్ళను మోసుకొచ్చింది పోలీసులు, జాతీయ విపత్తు దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) వాళ్ళు, చేర్చింది ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో.

తనిఖీ చేయాల్సినవాళ్ళూ నిద్రపోయారు కదా అంటారా? పోయారు. పర్యావరణ అనుమతి లేకుండానే ఆ ప్లాంటు ఏళ్ళ తరబడి నడిచింది. అందుకు అధికారులను బోనెక్కించండి, తనిఖీ రిపోర్టులు జనం ముందు పెట్టించండి. తనిఖీలే ఎత్తేస్తే రేపు ఎవరిని నిలదీస్తారు? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, గ్యాస్ లీకయితే రెండు నొక్కుతారా?

‘తుఫాన్లనూ ప్రైవేటే చూసుకుంటుంది.’ 2014లో హుద్‌హుద్ వస్తోందని ముందే చెప్పి తీరం ఖాళీ చేయించారే, ఆ హెచ్చరికకి మీకెవరైనా బిల్లు పంపారా?

ఆఖరి పాయింటు, ప్రజల డబ్బుతో చేసే పనుల మీద నాయకుల ఫోటోలెందుకని. ఇది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. తాతల నాటి పొలం పాస్‌పుస్తకం మీద కూడా ముఖ్యమంత్రి బొమ్మ చూసిన రాష్ట్రం మనది. ఆ ముక్క ఒక్కటీ విడిగా పంపండి బావగారూ, నేనూ నాలుగు గ్రూపుల్లో పెడతాను.