ఒకే బెంచీ మీద కూర్చోబెడితే కొంప మునగదా?

కాబోయే డాక్టర్లను, నర్సులను, ఫార్మసిస్టులను, ఫిజియోథెరపిస్టులను ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒకే రోగి గురించి కలిసి ఆలోచించడం నేర్పాలనే ప్రమాదకరమైన వాదం ఒకటి బలపడుతున్నందున, పెద్దలను హెచ్చరించక తప్పడం లేదు. వేర్వేరు వృత్తులవారు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే సెలవిచ్చింది. 'ఒకరి గురించి' అన్నంతవరకు మనకు అభ్యంతరం లేదు. ఆ పని హాస్టళ్లలో రాత్రి పదకొండు దాటాక నిరాటంకంగా సాగుతూనే ఉంది. చిక్కంతా 'ఒకరి నుంచి' అన్నచోటే.

మన పూర్వులు దూరదృష్టి గలవారు. నర్సింగుకు 1947లో ఒక చట్టం, ఫార్మసీకి 1948లో మరొకటి, డాక్టర్లకు 1956లో ఇంకొకటి చేసి గోడలు కట్టారు. ఆ తర్వాత మనం 2019లో డాక్టర్ల గోడను, 2023లో నర్సుల గోడను కొత్తగా కట్టుకున్నామే తప్ప, పొరపాటున కూడా కిటికీ పెట్టలేదు. ఫార్మసీ విద్యార్థినైతే ఇంజినీరింగు, వ్యవసాయం పిల్లలతో కలిపి ప్రవేశపరీక్ష రాయిస్తున్నాం కాబట్టి, అతనికి డాక్టరు కంటే ట్రాక్టరు దగ్గరి చుట్టం. 2008లో ఫార్మ్-డి పేరుతో ఆరేళ్ల కోర్సు పెట్టి అతన్ని వార్డుకు పంపినా నష్టమేమీ జరగలేదు: రౌండ్స్‌లో చివరి వరుసలో నిలబడిన అతన్ని రోగి బంధువులు మందుల కంపెనీ మనిషి అనుకుంటున్నారు.

ఇరవై ఏళ్ల సర్వీసున్న నర్సు, నిన్నగాక మొన్న వచ్చిన హౌస్ సర్జన్ రాసిన కేస్ షీట్ చూసి, "సార్, ఈ డోసు ఒక్కసారి చూస్తారా?" అని మెల్లగా అడుగుతుంది. తప్పు దిద్దినట్టూ ఉండకూడదు, రోగి ప్రాణం పోకూడదు; అంతటి సున్నితమైన కళ తరతరాలుగా ఆ 'సార్' అనే మాటలో భద్రంగా ఉంది. రేపు వీళ్లిద్దరూ ఒకే క్లాసులో చదివితే ఆవిడ "ఈ డోసు ఎక్కువ" అని సూటిగా అనేయవచ్చు. అతను "అవును" అని దిద్దేయవచ్చు. అప్పుడు క్రమశిక్షణ ఏం కావాలి?

అయితే భయపడవలసిన పనిలేదు. 'కలిసి పనిచేద్దాం' అంటూ మొన్న ఒకచోట జరిగిన పూటసేపు సదస్సులో ముందు వరుసల్లో ఎంబీబీఎస్ విద్యార్థులు కూర్చున్నారు. నర్సింగ్ విద్యార్థినులు పుష్పగుచ్ఛాలు అందించి, టీలు పంచి, చప్పట్లు కొట్టారు. భోజనాలు ఎవరికివారే చేశారు. ఇక నలుగురూ కలిసే చోటు ఆ కేస్ షీట్ ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా నాలుగు ముక్కలు చేయమని త్వరలో ఎవరో ఒకరు సర్క్యులర్ పంపుతారనే నమ్మకం నాకుంది.