ఆ మైక్రోఫైబర్ గుడ్డల మెసేజ్ ఇక నాకు పంపకండి

ఈ వారంలో ఇది అయిదోసారి. మొదట పిన్ని పంపింది, తర్వాత బావ, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీ గారు, నిన్న పొద్దున పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఎవరో, రాత్రికి మళ్ళీ పిన్నే. 'మైక్రోఫైబర్ గుడ్డలు పదేళ్ళు మన్నాలంటే 8 రహస్యాలు, కంపెనీలు మీకు చెప్పవు' అని పైన రెండు ఎర్ర లైట్లు, కింద 'కనీసం పది మందికి పంపండి'. అద్దాలూ గట్లూ తుడుచుకునే ఆ మెత్తటి గుడ్డల గురించి కంపెనీలు చెప్పవట! ప్యాకెట్ వెనకాల రాసే ఉంటుంది, ఆ చిన్న అక్షరాలు చదివే ఓపిక మనకి లేదు, అంతే. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబివ్వడం నా వల్ల కాదు కనుక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా. కోపమొచ్చినవాళ్ళు గుంటూరు కొరిటెపాడు రండి, కాఫీ ఇస్తాను.

మొదటి రహస్యం: 'ఇది చాలా సన్నని పత్తితో నేసిన గుడ్డ కాబట్టి మరిగే నీళ్ళలో ఉడకబెట్టండి.' గుంటూరు జిల్లాలో పుట్టి, పత్తి చేల మధ్య పెరిగి, ఈ ముక్క ఫార్వర్డ్ చేసినవాళ్ళకి ఒక దండం. ఇందులో పత్తి పిసరంత కూడా లేదు. ఎక్కువ భాగం పాలియెస్టర్, మిగతాది నైలాన్. మామూలుగా 80కి 20, కొన్నిట్లో 70కి 30 పాళ్ళలో ఉంటాయి. మంచి రకాల్లో తయారీలోనే ఒక్కో పోగునీ ఇంకా సన్నగా చీలుస్తారు, ఆ చీలికల సందుల్లోనే నీళ్ళూ దుమ్మూ జిడ్డూ ఇరుక్కుంటాయి. గుడ్డ గొప్పతనమంతా ఆ సందులదే. ఉడకబెడితే కరిగిపోతుందని నేను అనను, పాలియెస్టర్ కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి. కానీ ప్యాకెట్ల మీద 40 అనో 60 అనో రాసి ఉంటుంది, దానికి మించి వేడి చేసినందువల్ల వచ్చే లాభం ఏమీ లేదు. మే నెలలో మన ట్యాంకు నీళ్ళు సగం ఉడికే వస్తాయి, పైగా గ్యాస్ దండగ.

రెండోది, మెత్తగా ఉండాలంటే ఆఖరి జాడింపులో సాఫ్ట్‌నర్ పోయమని. సాఫ్ట్‌నర్ చేసే పనే పోగు మీద ఒక పొర పూయడం. ఆ సందులన్నీ పూడిపోయాక గుడ్డ నీళ్ళని పీల్చదు, అటు నుంచి ఇటు నెడుతుంది. నేను కొన్న మొదటి సెట్టు ఇలాగే పాడుచేసుకున్నా, గుడ్డ మంచిది కాదని అంగడివాడిని తిట్టుకున్నా కూడా.

మూడోది, టవళ్ళతో కలిపి మెషీన్‌లో వేసేయమని. వేయండి, టవలు నూగంతా దీనికి పట్టుకుంటుంది, తర్వాత అద్దం తుడిస్తే అద్దానికి పడుతుంది. నాలుగోది, బేకింగ్ సోడా, వెనిగర్ కలిపి పోస్తే 'పొంగుతూ మురికిని లాగేస్తుంది'. పొంగుతుంది నిజమే, స్కూలు ఎగ్జిబిషన్‌లో అగ్నిపర్వతం కూడా అలాగే పొంగుతుంది. రెండూ ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళ లాంటిదే.

ఇవన్నీ నవ్వుకుని వదిలేసేవే. అయిదోది మాత్రం కాదు, అసలు ఇదంతా రాయడానికి కూర్చున్నది దాని కోసమే. మెసేజ్‌లో ఉన్నది ఉన్నట్టు: 'బాగా నల్లబడిన గుడ్డలను బకెట్ నీళ్ళలో రెండు చెంచాల బ్లీచింగ్ పౌడర్, రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి నానబెట్టి, పవర్ బయటికి పోకుండా బాత్రూమ్ తలుపు గంటసేపు మూసి ఉంచండి.' బావ పంపిన దాంట్లో ఇంకెవరో మహానుభావుడు 'నిమ్మ ఉప్పు లేకపోతే బాత్రూమ్ యాసిడ్ ఒక మూత' అని చేర్చాడు.

పవర్! ఆ పవర్ పేరు క్లోరిన్. బ్లీచింగ్‌లో ఏ పులుపు పడినా, నిమ్మ ఉప్పయినా, వెనిగరైనా, బాత్రూమ్ యాసిడైతే మరీనూ, వచ్చేది ఆ గ్యాసే. 1915లో బెల్జియంలో సైనికుల మీద సిలిండర్ల కొద్దీ వదిలింది దీన్నే. గాలికన్నా రెండున్నర రెట్లు బరువు, కాబట్టి పైన వెంటిలేటర్ ఉందిలే అనుకోవడానికి లేదు, కిందే పేరుకుంటుంది, బకెట్ దగ్గర వంగిన మనిషి ముక్కు కూడా అక్కడే ఉంటుంది. కళ్ళు మండుతాయి, గొంతు పట్టేస్తుంది, దగ్గు ఆగదు. ఎక్కువ పీలిస్తే అప్పటికి బాగానే ఉన్నట్టుండి కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. ఆయాసం ఉన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఇదంతా దేనికోసం? యాభై రూపాయల గుడ్డ కోసం. అదైనా బాగుపడుతుందా అంటే అదీ లేదు, బ్లీచింగ్ ఒక్కటే చాలు అందులోని నైలాన్‌ని తినేయడానికి. గుడ్డా పోయె, గొంతూ పోయె.

మా పిన్ని ఉండేది బెజవాడ సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఇంట్లోకి వచ్చి పోయిన దగ్గర్నుంచీ బ్లీచింగ్ పౌడర్ డబ్బా బాత్రూమ్ గట్టు మీదే ఉంటుంది, పక్కనే యాసిడ్ సీసా. అలాంటి ఇళ్ళు ఎన్ని ఉంటాయో ఆలోచించారా? ఇంకో మాట అడుగుతా, ఏమీ అనుకోవద్దు. ఈ మెసేజ్ పంపిన నలుగురిలో గుడ్డలు సొంతంగా ఉతుక్కునేవాళ్ళు ఎందరు? బావా, నువ్వు చివరిసారి బకెట్ ముట్టుకున్నది ఎప్పుడు? గంట తర్వాత ఆ తలుపు తీసి వంగేది ఇంట్లో పని చేసే ఆవిడ. మీ ఫార్వర్డ్ ఆవిడ ఫోన్‌కి రాదు, ఆ గాలి మాత్రం ఆవిడకే వస్తుంది. ఇప్పటికే ఎవరైనా నానబెట్టి ఉంటే తలుపు తీసి వదిలేసి బయటికి రండి, అందులో ఇంకేమీ పోయకండి, కళ్ళు మండితే మంచినీళ్ళతో కడుక్కోండి, ఊపిరి ఇబ్బందిగా ఉంటే ఆస్పత్రికి వెళ్ళండి. గ్రూపులో అడుగుతూ కూర్చోకండి.

సరే. ఆరోది చూసి నాకే ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే అది కరెక్టు. 'ఆఖరి జాడింపులో కొంచెం వెనిగర్.' మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు, బకెట్ అంచున తెల్లటి పొర గోకినా పోదు. ఆ నీళ్ళలో బార్ సబ్బుతో ఉతికితే తెట్టు కట్టి అదే సందుల్లో చేరుతుంది, గుడ్డ అట్టలా తయారవుతుంది. బకెట్‌కి రెండు మూడు చెంచాల వెనిగర్ కలిపి కాసేపు ఉంచి, మళ్ళీ మంచినీళ్ళలో జాడిస్తే తేడా చేతికే తెలుస్తుంది. నేను ఒప్పుకోకూడదనే చేసి చూశా, ఒప్పుకోవాల్సి వచ్చింది. బ్లీచింగ్ తగిలిన గుడ్డకి మాత్రం వద్దు, కారణం పైన చెప్పిందే.

ఏడోది, వంటింట్లో మసిగుడ్డకి బదులు ఇదే వాడమని. వద్దు. పొయ్యి మీద మర్చిపోయిన ఖాళీ పెనం 250 డిగ్రీలు దాటడానికి ఎంతోసేపు పట్టదు, దాన్ని ఈ గుడ్డతో పట్టుకుంటే కరిగిన ప్లాస్టిక్ చేతికి అంటుకుంటుంది. మసిగుడ్డకి పాత పంచె ముక్కని మించింది లేదు. ఆ మాటకొస్తే ఇల్లంతా పాత పంచె ముక్కలతోనే తుడుచుకుంటానన్నా నేను వాదించను, ఉతికిన ప్రతిసారీ సన్నటి ప్లాస్టిక్ పోగులు కాలవలోకి పోవడమన్నా తప్పుతుంది.

ఇక ఎనిమిదోది: 'ఎండలో ఆరేస్తే రేడియేషన్ వల్ల పోగులు విషంగా మారతాయి.' విషం లేదు, ఏమీ లేదు. నెలల తరబడి ఎండలోనే వదిలేస్తే నైలాన్ బలం తగ్గుతుంది కానీ, గంటా రెండు గంటలకి ఏమీ కాదు. అసలు ఆరబెట్టకుండా తడి గుడ్డని సింకు కింద ఉండచుట్టి పడేస్తేనే ముక్కిపోయి కంపు కొడుతుంది. గట్టిగా పిండి దులిపి ఫ్యాను కింద వేసినా తొందరగానే ఆరిపోతుంది.

అయితే పోయిన మార్చిలో ఒకటి జరిగింది. అమ్మ ఏడాది కారానికి మిరపకాయలు తెచ్చి డాబా మీద పోసింది, నేను చూసుకోకుండా ఆ పక్క తీగ మీదే నా గుడ్డలు ఆరేశా. దుమ్ముని పట్టుకోవడమే దాని పని కదా, పట్టుకుంది. సాయంత్రం దాంతోనే కళ్ళజోడు తుడుచుకుని, అదే చేత్తో కళ్ళు నులుముకున్నా. అరగంట కుళాయి కింద తల పెట్టి ఉన్నా, అమ్మ పక్కన నిలబడి నవ్వుతూనే ఉంది. కాబట్టి పిన్నీ, ఎనిమిదోది కూడా తప్పే, కానీ మార్చిలో గుంటూరు డాబా మీద మాత్రం నేనూ ఆరేయను.