బ్రూక్లిన్ వైకాఫ్ ఇంటి గురించి తిరుగుతున్న కథకు ఖండన

న్యూయార్క్ చూసి వచ్చినవారి ఫొటోలతో పాటు బ్రూక్లిన్‌లోని వైకాఫ్ ఇంటి గురించి ఒక కథనం చాలాకాలంగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: స్వీడన్ మూలాలున్న కులీన డచ్ కుటుంబంలో పుట్టిన పీటర్ వైకాఫ్ 1637లో హాలండ్ నుంచి వలస వచ్చాడు, న్యాయాధికారి కావడంతో ఆ హోదాయే ఇంటిపేరుగా మారింది, 1652లో సొంత భూమిలో తన చేతులతో కట్టుకున్న ఇల్లు నేటికీ చెక్కుచెదరలేదు, వంశీకులు ఒక్క తరం కూడా విడవకుండా దాన్ని నిలుపుకున్నారు, అమెరికాలో వైకాఫ్ ఇంటిపేరున్న ప్రతి ఒక్కరూ ఆయన సంతానమే. ఇందులో 1637 నిజం, మనిషి నిజం, ఇల్లు నిజం. మిగతావాటిలో ఏదీ ఉన్నది ఉన్నట్టుగా నిలవదు.

ముందుగా కులీనత సంగతి. ఆమ్‌స్టర్‌డామ్ వజ్రాల వ్యాపారి కిలియన్ వాన్ రెన్సెలర్‌కు హడ్సన్ నది ఎగువన, నేటి ఆల్బనీ చుట్టుపక్కల, జమీందారీ వంటి హక్కులతో విశాలమైన భూమి దక్కింది. అక్కడికి పనివాళ్లను చేర్చడానికి ఆయన పంపిన రెన్సెలర్స్‌వైక్ అనే ఓడ 1636లో బయలుదేరి మరుసటి ఏడాది మార్చిలో న్యూ ఆమ్‌స్టర్‌డామ్ (నేటి న్యూయార్క్) చేరింది. ఆ జమీను కాగితాల్లో మన మనిషి పేరు ‘నోర్డింగెన్ నుంచి వచ్చిన పీటర్ క్లాసెన్’ అని మాత్రమే ఉంటుంది. అతను సైమన్ వాలిక్స్ అనే కౌలుదారు పొలంలో ఆరేళ్ల ఒప్పందం మీద పనిచేశాడు. తిన్నగా చెప్పాలంటే పాలేరు. గడువు తీరాక సొంతంగా సేద్యం మొదలుపెట్టి, గ్రీత్యే వాన్ నెస్‌ను పెళ్లాడి, పదకొండుమంది పిల్లల తండ్రి అయ్యాడు. పాలేరు ఇంత ఎత్తుకు రావడమే గొప్ప కథ కాగా, దానికి కిరీటం ఎందుకు తగిలించాలనిపించిందో నాకు అర్థం కాదు.

‘నోర్డింగెన్’ను నేటి పరిశోధకులు నోర్డెన్‌గా గుర్తిస్తున్నారు. అది ఈస్ట్ ఫ్రీసియాలోని ఊరు, ఇప్పుడు జర్మనీలో ఉంది. డచ్ కాలనీకి వచ్చాడు కాబట్టి హాలండ్ వాడే అయి ఉంటాడనుకోవడం తేలికే గాని, న్యూ నెదర్లాండ్ అనే ఆ కాలనీకి వలస వచ్చినవారిలో సుమారు సగం మంది డచ్ గణరాజ్యం బయటివారేనని చరిత్రకారుల అంచనా.

స్వీడన్ మూలాల కులీన వంశం కథ, పీటర్ తండ్రి ఎవరన్న పొరపాటు మీద నిలబడింది. ఆ పొరపాటు ఎలా జరిగిందో చూడడం ఉపయోగకరం, ఎందుకంటే వంశవృక్షాలన్నింటిలోనూ చెద ఇక్కడే పడుతుంది. ‘క్లాసెన్’ అంటే క్లాస్ కొడుకు అని అర్థం. అంతకుమించి ఆ మాట ఏమీ చెప్పదు. అదే కాలంలో కాలనీలో క్లాస్ కార్నెలిసెన్ వాన్ షౌవెన్ అనే మరొకరు కనిపించడంతో ఆయననే తండ్రిగా అతికించి, ఆయన వెనక ఒక గొప్ప వంశాన్ని నిలబెట్టారు. క్లాస్ అనేది ఆ రోజుల్లో వీధికొకరికి ఉండే పేరు. పీటర్ పిల్లల పేర్లు ఇంతకంటే మంచి సాక్ష్యం. మన ఇళ్లలో లాగే డచ్ కుటుంబాల్లోనూ తాతల పేర్లు, అమ్మమ్మ నాయనమ్మల పేర్లు పెట్టుకునేవారు. పెద్దకొడుకు నికోలస్, క్లాస్ అనేది ఆ పేరుకే పొట్టి రూపం, కాబట్టి అది పీటర్ తండ్రి పేరు. కార్నెలియస్, మైకెన్ అనే పేర్లు గ్రీత్యే తల్లిదండ్రులైన కార్నెలిస్ వాన్ నెస్, మైకెన్‌లవి. కార్నెలియస్ అనే మనవడి పేరుకు తల్లివైపు తాత ఉండగా, తండ్రివైపు కొత్త తాతను వెతకనక్కరలేదు.

ఇంటిపేరు కథ వినడానికి బాగుంటుంది: ‘వైక్’ అంటే పేట, ‘హోఫ్’ అంటే న్యాయస్థానం, కలిపితే పేట న్యాయాధికారి. పీటర్ నిజంగానే నేటి బ్రూక్లిన్‌లో భాగమైన ఫ్లాట్‌లాండ్స్ ఊరి న్యాయాధికారిగా పనిచేశాడు గనుక కథ మరింత అతికింది. అయితే 1664లో కాలనీ ఇంగ్లిషువారి చేతికి వచ్చాక స్థిరమైన ఇంటిపేరు అవసరమైనప్పుడు జనం సాధారణంగా పాత ఊరి పేరో, పొలం పేరో తీసుకున్నారు. ఈస్ట్ ఫ్రీసియాలో తండ్రి పేరుకు తోడు పొలం పేరు చెప్పుకోవడం రివాజు. ‘హోఫ్’ అంటే అక్కడ రైతు కమతం. నోర్డెన్ ప్రాంతంలో ‘వైక్‌హోఫ్’ అనే పేరుతోనే ఒక కమతం ఉండేదని ఇటీవలి పరిశోధన చూపుతోంది. ఊరి పేర్లే ఇంటిపేర్లుగా ఉన్న మనకు ఇందులో వింతేమీ కనబడదు.

ఇక సొంత భూమి, సొంత చేతులు. ఇల్లున్న నేలను అక్కడి ఆదివాసులైన లెనాపే ప్రజల నుంచి 1636లో రాయించుకున్నది అప్పటి గవర్నర్ వౌటర్ వాన్ ట్విలర్. పీటర్ అక్కడికి వచ్చింది గవర్నర్ పీటర్ స్టైవెసెంట్ పొలాన్ని, పశువులను చూసుకోవడానికి. ఆ ఒప్పందం 1655 నాటిది. ఇంటికి చెప్పే 1652 కూడా ‘సుమారు’ అనే మాటతో కలిపి చదవవలసిన సంవత్సరం.

చెక్కుచెదరలేదన్న మాట ఇంటినే చిన్నబుచ్చుతుంది. మొదట అది దిమ్మిస చేసిన మట్టి నేలతో, అద్దాల్లేని కిటికీలతో, రెండు చివర్లా తలుపులతో ఉన్న ఒకే గది. అందులోని పొయ్యికి పక్కగోడలు ఉండవు. గోడకు ఆనించి నేలమీదే మంట వేస్తారు, పైన దూలాల నుంచి దిగిన గూడు పొగను లాగుతుంది. కుటుంబం పెరిగినకొద్దీ, ముఖ్యంగా 1740, 1819 ప్రాంతాల్లో, దానికి గదులు చేరాయి. ఇప్పుడు ఫొటోల్లో అందరూ మెచ్చుకునే చూరు, గోడ దాటి ముందుకు వంగి వచ్చేది, నెదర్లాండ్స్ నుంచి యథాతథంగా వచ్చింది కాదు. అమెరికా గడ్డమీద రూపు దిద్దుకున్న శైలి.

వంశీకులు విడవకుండా కాపాడారన్నదీ తప్పే. వారి సేద్యం 1901తో ఆగి, ఆస్తి పరాధీనమైంది. 1937లో ఏర్పడిన వంశీకుల సంఘం 1961లో ఇంటిని తిరిగి కొని, 1969లో నగరానికి దానమిచ్చింది.

చివరిది, వైకాఫ్‌లందరూ పీటర్ సంతానమే అన్న మాట. సంతానాన్ని ఇంటిపేరుతో కొలవడమే ఇందులోని పొరపాటు. ఇంటిపేరు కొడుకుల వెంటే నడుస్తుంది. పీటర్ కూతురు అన్నెత్యే రూలోఫ్ మార్టెన్స్ షెంక్‌ను పెళ్లాడింది. ఆమె సంతతి షెంక్‌లుగా లెక్కకు వస్తుంది. ఆ కాలపు డచ్ పత్రాల్లో ఆడవారు ‘పీటర్ కూతురు’ అన్న అర్థంలో తండ్రి పేరుతో కనిపిస్తారు కాబట్టి, ఇంటిపేరు పట్టుకుని వెతికేవారికి సగం వంశం దొరకనే దొరకదు.

ఈ కథనం అసలు ఎత్తని సంగతి మరొకటి ఉంది. బ్రూక్లిన్ ఉన్న కింగ్స్ కౌంటీలోని డచ్ పొలాలు బానిసల చెమటతో నడిచాయి. 1790 జనగణన నాటికి అక్కడి జనాభాలో దాదాపు మూడోవంతు బానిసలే. వైకాఫ్‌లూ ఇందుకు మినహాయింపు కారు. ఆ జనగణన కుటుంబ యజమాని పేరు రాసి, బానిసలను ఒక గడిలో అంకెగా వేసింది. ఈ పొలాల్లో పనిచేసినవారి వారసులను వెతకాలంటే వీలునామాలకు జతచేసిన ఆస్తి పట్టికలు చూడాలి. బానిసత్వాన్ని క్రమంగా రద్దు చేసేందుకు న్యూయార్క్ తెచ్చిన 1799 చట్టం తర్వాత ఊరి గుమాస్తాలు రాసిన జనన పుస్తకాలు చూడాలి. బానిస తల్లికి బిడ్డ పుడితే యజమాని వచ్చి తన పేరు, వృత్తి చెప్పి, బిడ్డ పేరు, వయసు, ఆడో మగో నమోదు చేయించాలని ఆ చట్టం ఆదేశించింది.